ఆగి ఆగి చల్లబడే ఫ్రిజ్‌కి అమ్మే మందులు: ఏవి పనికొస్తాయి, ఏవి దండగ

పూర్తిగా ఆగిపోయిన ఫ్రిజ్‌ని బాగుచేయడం తేలిక. తంటా అంతా కొన్నాళ్లు బాగుండి, ఒకరోజు హఠాత్తుగా వేడెక్కి, ఎవరూ ముట్టుకోకుండానే మళ్లీ దారికొచ్చే ఫ్రిజ్‌తోనే. దీనికని ఆన్‌లైన్‌లో అమ్మే రిలేలు, టైమర్లు, బైమెటళ్లు (వేడి, చలిని బట్టి కలిసి విడిపోయే స్విచ్‌లు), త్రీ-ఇన్-వన్ కిట్లు, సెన్సర్లు, ఏది చూసినా కింద పొగడ్తలే కనిపిస్తాయి. వాటిని నమ్మడానికి లేదు. ఏ భాగం మార్చాలన్నా ముందు ప్లగ్గు పీకాలి కదా. ప్లగ్గు పీకగానే వేడెక్కిన ఓవర్‌లోడ్ (కరెంటు ఎక్కువైతే కంప్రెసర్‌ని ఆపే రక్షణ స్విచ్) చల్లారుతుంది, కాయిల్ మీద గడ్డకట్టిన ఐస్ కొంత కరుగుతుంది, బోర్డు రీసెట్ అవుతుంది, వదులైన కనెక్టర్ చేతి తాకిడికి సర్దుకుంటుంది. ఫ్రిజ్ మళ్లీ చల్లబడుతుంది, పేరు మాత్రం కొత్త భాగానికి వస్తుంది. పది రోజులకు జబ్బు తిరగబెట్టినప్పుడు పాత రివ్యూని దిద్దడానికి వెనక్కి వెళ్లేవాళ్లు అరుదు.

అందుకే ఇక్కడ ఒక్కో వస్తువునూ ఒకే ప్రశ్నతో తూచాం. కూలింగ్ ఆగిన ఆ గంటలో ఫ్రిజ్ ఏ స్థితిలో ఉందో తెలిశాక కూడా ఈ వస్తువు కొనాలనిపిస్తుందా?

ఆ స్థితులు మూడే. ఒకటి, కంప్రెసర్ అసలు నడవడం లేదు. రెండు, కంప్రెసర్ నడుస్తోంది, ఫ్రీజర్‌లో కూడా చలి లేదు. మూడు, ఫ్రీజర్ గడ్డకట్టే ఉంది, కింది అర మాత్రం వేడెక్కింది. మొదటిది కరెంటు సంగతి, రెండోది ఎక్కువగా గ్యాస్ సంగతి, మూడోది గాలి సంగతి. ఈ మూడింటిలో ఏదో తేల్చుకోకుండా కొన్న భాగం గుడ్డెద్దు చేలో పడినట్టే.

ముందు కొనాల్సినవి: థర్మామీటరు, వాట్ మీటరు

విడిభాగాల కంటే ముందు డబ్బు పెట్టాల్సింది వీటి మీద. మిగతా వస్తువులన్నీ ఒక ఎత్తు, ఈ రెండూ ఒక ఎత్తు.

థర్మామీటర్లలో రెండు ప్రోబులుండి, కనిష్ఠం, గరిష్ఠం గుర్తుపెట్టుకునేది కనీస అవసరం. పది నిమిషాలకోసారి రీడింగు దాచిపెట్టే లాగర్ అయితే మరీ మంచిది. తీగ ఉన్న ప్రోబ్ ఎంచుకోవాలి. తీగ సన్నగా ఉండాలి, లేకపోతే తలుపు రబ్బరు దగ్గర సందు ఏర్పడి కొత్త సమస్య మొదలవుతుంది. వైర్‌లెస్ రకాలను పూర్తిగా లోపల పెడితే లోహపు పెట్టెలోంచి సిగ్నల్ సరిగా బయటికి రాదు. మామూలు ఆల్కలైన్ సెల్స్ ఫ్రీజర్ చలికి నీరసపడి రీడింగు మధ్యలో ఆగుతుంది. లిథియం సెల్స్ అయితే తట్టుకుంటాయి. కింది అర ప్రోబ్‌ని ఖాళీగా వేలాడదీయకుండా గ్లాసుడు నీళ్లలో ముంచి మధ్య అరలో పెట్టాలి. అప్పుడు తలుపు తీసినప్పుడల్లా అంకె ఎగిరిపడదు, లోపలి వస్తువుల అసలు ఉష్ణోగ్రత తెలుస్తుంది. ఫ్రీజర్ ప్రోబ్‌ని రెండు గడ్డకట్టిన పొట్లాల మధ్య ఇరికించాలి. పైన మైనస్ 18 డిగ్రీల దగ్గర, కింద 3 నుంచి 5 డిగ్రీల మధ్య ఉంటే ఆరోగ్యం. తలుపు మీద వెలిగే అంకెలతో పోల్చి కంగారుపడొద్దు. చాలా ఫ్రిజ్‌లలో అవి మీరు పెట్టిన సెట్టింగును చూపిస్తాయే గాని లోపలి నిజమైన ఉష్ణోగ్రతను కాదు.

ప్లగ్గుకీ సాకెట్టుకీ మధ్య పెట్టే వాట్ మీటర్ ఇంకా గొప్ప సాక్షి. మామూలు కంప్రెసర్ ఉన్న ఇంటి ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు సుమారు 80 నుంచి 150 వాట్లు లాగుతుంది. ఇన్వర్టర్ రకం (వేగం మార్చుకునే కంప్రెసర్) నెమ్మదిగా తిరిగేటప్పుడు 30, 40కి కూడా దిగుతుంది. విశ్రాంతిలో ఒకటి రెండు వాట్లు, అంతే. ఫ్రాస్ట్-ఫ్రీ ఫ్రిజ్ ఐస్ కరిగించుకునేటప్పుడు కంప్రెసర్ ఆగి, హీటర్ 150 నుంచి 250 వాట్ల దాకా లాగుతుంది. ఫ్రిజ్ పరిమాణాన్ని బట్టి ఇవి అటూ ఇటూ అవుతాయి గాని ఆకారం మారదు. రెండు రోజుల గ్రాఫు ముందుంటే వెనక ప్యానెల్ విప్పకముందే సగం నిర్ధారణ అయిపోయినట్టే.

ఈ పనికి స్మార్ట్ ప్లగ్గులు కూడా అమ్ముతారు. గ్రాఫు వరకు బాగుంటాయి, కానీ లోపల ఒక రిలే ఉంటుంది. వైఫై పోయినప్పుడో, కరెంటు వచ్చిపోయినప్పుడో అది ఆఫ్‌లోనే ఉండిపోయే రకాలున్నాయి. వచ్చిపోయే జబ్బును వెతకడానికి తెచ్చిన వస్తువే మరో వచ్చిపోయే జబ్బు అవుతుంది. కరెంటు తిరిగి వచ్చాక ఆన్‌లోకే రావాలన్న సెట్టింగు లేని ప్లగ్గు ఫ్రిజ్‌కి పనికిరాదు. స్టార్టింగ్‌లో కంప్రెసర్ లాగే కరెంటు నడిచేటప్పటి కరెంటుకి ఎన్నో రెట్లు కాబట్టి, చిన్న రేటింగు ప్లగ్గుల కాంటాక్టులు కాలి అతుక్కుపోతాయి కూడా.

రిలే, ఓవర్‌లోడ్, త్రీ-ఇన్-వన్ కిట్

కంప్రెసర్ పక్కనుంచి కొన్ని సెకన్లు గుయ్యిమని, తర్వాత టక్ అని శబ్దం, కొద్ది నిమిషాలకు మళ్లీ అదే తంతు. వాట్ మీటర్ మీద ఇది ఎత్తైన సన్నటి ముల్లులా కనిపించి వెంటనే సున్నాకి పడిపోతుంది. కంప్రెసర్ స్టార్ట్ కాలేక ఎక్కువ కరెంటు లాగుతోంది, ఓవర్‌లోడ్ దాన్ని కోసేస్తోంది. లోపలి బైమెటల్ చల్లారగానే మళ్లీ కలుపుతోంది. కొన్నిసార్లు స్టార్ట్ అవుతుంది, కొన్నిసార్లు అవ్వదు. అదే ఆగి ఆగి చల్లబడటం.

దీనికి మొదటి నిందితుడు పీటీసీ రిలే, అంటే మొదట్లో స్టార్ట్ వైండింగ్‌కి కరెంటిచ్చి, లోపలి బిళ్ల వేడెక్కగానే దాన్ని ఆపేసే భాగం. ప్లగ్గు పీకి, కంప్రెసర్ పక్కనున్న ప్లాస్టిక్ మూత విప్పి, రిలేని పిన్నుల నుంచి నిటారుగా లాగాలి. వంకరగా లాగితే పిన్నుల చుట్టూ ఉన్న గాజు సీలు పగులుతుంది, అది పగిలితే కంప్రెసరే మార్చాలి. బయటికి తీసిన రిలేని చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. గలగలమంటే లోపలి బిళ్ల పగిలిపోయినట్టే. శబ్దం రాకపోతే మల్టీమీటర్‌తో కొలవాలి. చల్లగా ఉన్నప్పుడు కొన్ని ఓమ్‌ల నుంచి కొన్ని పదుల ఓమ్‌ల దాకా చూపడం మామూలు. అసలు ఏమీ చూపకపోయినా, నల్లగా మాడిన వాసన వచ్చినా పనైపోయింది.

అదే సమయంలో కంప్రెసర్ మూడు పిన్నుల (కామన్, రన్, స్టార్ట్) మధ్య కూడా కొలవాలి. కామన్ నుంచి రన్‌కి తక్కువ, కామన్ నుంచి స్టార్ట్‌కి ఎక్కువ, రన్ నుంచి స్టార్ట్‌కి ఆ రెండింటి మొత్తం రావాలి. ఏ పిన్నుకైనా కంప్రెసర్ లోహపు ఒంటికీ మధ్య ఏ కొంచెం రీడింగు వచ్చినా ఆ కంప్రెసర్‌కి కరెంటు ఇవ్వొద్దు. మూడు పిన్నుల మధ్యా ఒకే అంకె వస్తే అది ఇన్వర్టర్ కంప్రెసర్. దానికి రిలే ఉండదు, ఈ వర్గంలో దానికి పనికొచ్చే వస్తువూ లేదు.

అసలు రిలే మీద ముద్రించిన నంబరు చూసి, కంప్రెసర్ మోడల్‌కి సరిపోయే రిలే, ఓవర్‌లోడ్ జతగా కొంటే ఈ వర్గంలో అంతకంటే న్యాయమైన ఖర్చు లేదు. విప్పి బిగించడానికి పావుగంట కూడా పట్టదు. ఓవర్‌లోడ్‌ని విడిగా, కేవలం ఆంపియర్లు చూసి కొనకూడదు. అది ఎంత కరెంటుకి, ఎంత వేడికి, ఎన్ని సెకన్లలో తెగాలన్నది ఆ కంప్రెసర్‌ని బట్టే నిర్ణయిస్తారు.

ఇక త్రీ-ఇన్-వన్ కిట్. రిలే, ఓవర్‌లోడ్, స్టార్ట్ కెపాసిటర్ ఒకే డబ్బాలో, మూడు తీగలతో వస్తాయి. ఏ ఫ్రిజ్‌కైనా సరిపోతుందని అమ్ముతారు. పరీక్ష సాధనంగా మంచిదే. పాత రిలేతో లేవని కంప్రెసర్ దీంతో లేచి, మామూలు వాట్లకు దిగి, గంటల తరబడి నడిస్తే తప్పు రిలేదేనని చాలావరకు తేలినట్టు. దీంతో కూడా గుయ్యిమని ఆగిపోతే కంప్రెసర్ లోపలే బిగుసుకుపోయిందని అర్థం చేసుకుని, రిలేల మీద ఖర్చు ఆపేయొచ్చు. శాశ్వత మందుగా మాత్రం సిఫారసు చేయలేం. లోపలి ఓవర్‌లోడ్ అందరికీ సరిపోయేలా చేసింది, అంటే ఎవరికీ సరిగ్గా సరిపోనిది. అరిగిపోయిన కంప్రెసర్‌ని కెపాసిటర్ బలవంతంగా లేపుతుంది, ఓవర్‌లోడ్ ఆలస్యంగా తెగుతుంది, వైండింగ్ కాలుతుంది. రేటింగ్ ప్లేటు మీద ఆర్-600ఎ అని, పక్కన మంట గుర్తు ఉంటే ఇంకో చిక్కు. ఆ గ్యాస్ అంటుకునేది. ఆ ఫ్రిజ్‌లలో స్పార్కు బయటికి రాని మూసిన రకం భాగాలే వాడాలి. వదులుగా నొక్కిన కనెక్టర్లతో వేలాడే డబ్బా అక్కడ ఉండకూడదు. విప్పేటప్పుడు కెపాసిటర్‌లో నిలిచిన చార్జిని ఇన్సులేషన్ ఉన్న రెసిస్టర్‌తో దించడం మరిచిపోవద్దు.

స్టెబిలైజర్ గురించి ఇక్కడే చెప్పాలి. నడుస్తున్న కంప్రెసర్‌లో పీటీసీ బిళ్ల బాగా వేడిగా ఉంటుంది. కరెంటు ఒక్క సెకను పోయి వచ్చినా అది ఇంకా వేడిగానే ఉంటుంది కాబట్టి స్టార్ట్ వైండింగ్‌కి కరెంటు వెళ్లనివ్వదు. చల్లారడానికి మూడు నుంచి ఐదు నిమిషాలు కావాలి. ఈలోగా ఓవర్‌లోడ్ టక్కుటక్కుమంటూ ఉంటుంది. కరెంటు తరచూ మినుకుమినుకుమనే చోట మూడు నిమిషాల ఆలస్యం ఉన్న స్టెబిలైజర్ ఈ ఒక్క జబ్బునీ నిజంగా ఆపుతుంది. పనిచేసేది వోల్టేజి దిద్దడం కాదు, ఆ ఆలస్యం. ఆలస్యం లేని స్టెబిలైజర్ కొంటే సగం డబ్బు వృథా. దానికి ముందు సాకెట్టులో, కంప్రెసర్ స్టార్ట్ అయ్యే క్షణంలో వోల్టేజి కొలిచి చూడండి. పది శాతానికి మించి పడిపోతుంటే ఎక్స్‌టెన్షన్ తీగో, వదులైన సాకెట్టో కారణం కావచ్చు. ప్లగ్గు పిన్నులు గోధుమరంగుకి తిరిగి ఉంటే ఇంకేమీ వెతకనక్కర్లేదు.

థర్మోస్టాట్

నాబ్ ఉన్న పాత తరహా ఫ్రిజ్‌లకే ఇది వర్తిస్తుంది. జబ్బు రెండు రకాలు. లోపలి కాంటాక్టులు గుంటలు పడి, ఒకసారి కలిసి ఒకసారి కలవకపోవడం మొదటిది. నాబ్‌ని మెల్లగా తట్టినా, అటూ ఇటూ తిప్పినా కంప్రెసర్ మొదలవుతుంటే ఇదే. సన్నటి రాగి గొట్టం చివర ఎవాపరేటర్‌కి (లోపల చల్లబడే కాయిల్‌కి) బిగించిన క్లిప్పులోంచి జారిపోవడం రెండోది. దానికి ఏమీ కొననక్కర్లేదు, తిరిగి బిగిస్తే చాలు.

పరీక్ష సులువే, కానీ జబ్బు కనబడుతున్న సమయంలోనే చేయాలి. ప్లగ్గు పీకి, థర్మోస్టాట్ రెండు తీగల్నీ ఊడదీసి, ఇన్సులేషన్ ఉన్న జంపర్‌తో ఒకదానికొకటి కలిపి, ఐదు నిమిషాలు ఆగి ప్లగ్గు పెట్టాలి. ఎర్త్ తీగ దీంట్లోకి రాకూడదు. కంప్రెసర్ నడిస్తే థర్మోస్టాట్ అనుమానితుడు, నడవకపోతే నిర్దోషి. బాగున్న రోజున ఈ పరీక్ష చేస్తే ఏమీ తేలదు.

యూనివర్సల్ అని అమ్మే థర్మోస్టాట్లతో జాగ్రత్త. ఏ ఉష్ణోగ్రతకి కలుస్తుంది, ఏ ఉష్ణోగ్రతకి విడిపోతుంది అన్నది సింగిల్ డోర్‌కి వేరు, ఫ్రాస్ట్-ఫ్రీకి వేరు, ఫ్రీజర్ పెట్టెకి వేరు. అమరిక సరిపోనిది బిగిస్తే కంప్రెసర్ అస్సలు ఆగదు, లేదా కింది అర వెనక గోడ మీద ఐస్ పేరుకుంటుంది. పాతదాని నంబరుతో దొరికితేనే కొనండి. గొట్టం పాతది ఎంత మేర ఎవాపరేటర్‌ని తాకి ఉందో కొత్తదీ అంతే తాకాలి, ఎక్కడా మడత పడకూడదు.

ఐస్ కరిగించే భాగాలు: అసలు కథంతా ఇక్కడే

ఫ్రాస్ట్-ఫ్రీ ఫ్రిజ్‌లలో వచ్చిపోయే ఫిర్యాదు వస్తే ముందు అనుమానించాల్సింది డీఫ్రాస్ట్‌నే (ఐస్ కరిగించే ఏర్పాటునే). ఎక్కువ తప్పుడు కొనుగోళ్లూ ఇక్కడే జరుగుతాయి. గుర్తు చాలా స్పష్టం. ముందు కింది అర వేడెక్కుతుంది, ఫ్రీజర్ ఇంకా కొన్నాళ్లు బాగానే ఉంటుంది. ఫ్రిజ్ ఆపి, తలుపులు తెరిచి ఒక రోజంతా వదిలేస్తే మళ్లీ కొత్తదానిలా పనిచేస్తుంది. వారం, పది రోజులకి మళ్లీ అదే స్థితి. ఈ లయ కనబడితే గ్యాస్ మాటెత్తిన మెకానిక్‌ని మర్యాదగా పంపించేయొచ్చు.

కాయిల్ ఫ్రీజర్ వెనక ప్యానెల్ చాటున ఉంటుంది. గాలిలోని తేమ దాని మీద మంచుగా పడుతూ ఉంటుంది. కొన్ని గంటలకోసారి కంప్రెసర్ ఆగి, హీటర్ వెలిగి, ఆ మంచుని కరిగించాలి. అది జరగకపోతే రెక్కల మధ్య సందులు పూడిపోయి గాలి ఆడదు. కింది అరకి చలి చేరేది ఫ్యాన్ తోసే గాలితోనే కాబట్టి ముందు అదే దెబ్బతింటుంది.

వాట్ మీటర్ ఉంటే, డీఫ్రాస్ట్‌ని టైమర్ నడిపే ఫ్రిజ్‌లో రెండు రోజుల గ్రాఫు చాలు. హీటర్ దిబ్బ కనిపించాలి. బోర్డు ఉన్న ఫ్రిజ్‌లలో తలుపు వాడకాన్ని బట్టి డీఫ్రాస్ట్ మధ్య ఎడం మారుతుంది, కొన్నిట్లో రెండు మూడు రోజులకి కూడా సాగుతుంది, కాబట్టి ఇంకొంచెం ఓపిక పట్టాలి. దిబ్బే లేదంటే నాలుగు భాగాల్లో ఒకటి పోయింది: హీటర్, బైమెటల్, థర్మల్ ఫ్యూజు, టైమర్ లేదా బోర్డు.

ఈ నాలుగూ కలిపి కిట్‌గా అమ్మేవాటికి మా మార్కులు తక్కువ. హీటర్ ఒకటే కొలిస్తే తేలిపోతుంది. 230 వోల్టులకి 150 వాట్ల హీటర్ అయితే సుమారు 350 ఓమ్‌లు రావాలి. వోల్టేజిని వోల్టేజితో గుణించి వాట్లతో భాగిస్తే ఏ హీటర్‌కైనా లెక్క వస్తుంది. అనంతం చూపితే తెగిపోయింది. థర్మల్ ఫ్యూజు మామూలుగా 72 లేదా 77 డిగ్రీలకి ఒక్కసారే తెగే రకం. తెగనంతవరకు చలిలోనైనా, గది వేడిలోనైనా సున్నా ఓమ్‌లకి దగ్గరగా చూపాలి. తెగిన ఫ్యూజుని తీసేసి తీగలు నేరుగా కలపడం కొందరు చేసే పని, దాని ఫలితం కరిగిన ప్లాస్టిక్ లైనర్. ఫ్యూజు ఊరికే తెగదు. బైమెటల్ మూసుకునే ఉండిపోయి హీటర్ ఆగకుండా వెలిగినప్పుడు తెగుతుంది. కాబట్టి ఫ్యూజు మారిస్తే బైమెటల్‌నీ మార్చాల్సిందే. ఈ రెండూ జతగా, అసలు కనెక్టర్‌తో వచ్చేది దొరికితే ఈ వర్గంలో మంచి కొనుగోలు అదే.

బైమెటల్‌ని చాలామంది తప్పుగా పరీక్షించి, బాగున్నదాన్ని పారేస్తారు. గది వేడిలో అది తెరిచి ఉండటమే సరైనది. అక్కడ మీటర్ అనంతం చూపిందని పోయిందనుకోవద్దు. అది మూసుకునేది సున్నాకి చాలా కిందే. అందుకే మామూలు ఐస్ నీళ్లలో పెట్టినా ఏమీ తెలియదు. ఐస్ ముక్కల్లో ఉప్పు బాగా కలిపి, దాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి పది నిమిషాలు అందులో ఉంచాలి. ఆ చలికి కూడా మూసుకోకపోతే పోయినట్టు. పైన తొడుగు ఉబ్బి ఉంటే లోపలికి నీరు చేరింది, కొలవకుండానే మార్చొచ్చు. నీరు చేరిన బైమెటల్ ఒకరోజు పనిచేసి ఒకరోజు మానేస్తుంది.

టైమర్ది వేరే తరహా మోసం. దాని పళ్లచక్రాలు అరిగిపోయి డీఫ్రాస్ట్ స్థానంలోనే ఇరుక్కుపోతే కంప్రెసర్‌కి కరెంటే వెళ్లదు. హీటర్ కాసేపటికి బైమెటల్ తెరుచుకుని ఆరిపోతుంది. లైటు వెలుగుతూనే ఉంటుంది, ఫ్యాన్ తిరగదు, వాట్ మీటర్ రెండు మూడు వాట్లు చూపిస్తుంది. గంటల తర్వాత చక్రం ఎలాగో కదిలితే మళ్లీ మామూలే. అందరూ థర్మోస్టాట్ మారుస్తారు. ప్లగ్గు పీకి, టైమర్ మీదున్న గాడిలో స్క్రూడ్రైవర్ పెట్టి, బాణం గుర్తు చూపిన వైపే టక్ మనేదాకా తిప్పి, ప్లగ్గు పెట్టగానే కంప్రెసర్ మొదలైతే దొంగ దొరికినట్టే. కొత్త టైమర్ కొనేటప్పుడు నాలుగు పిన్నుల వరస చూడాలి. ఆకారం ఒకటే ఉన్నా లోపలి వైరింగ్ వేరైనవి ఉంటాయి. ఎన్ని గంటలకోసారి, ఎన్ని నిమిషాలు అన్న అంకెలు పాతదాని మీద ఉన్నట్టే ఉండాలి. ఎక్కువ నిమిషాలుంటే మంచిదనుకుని కొన్నవాళ్లకి ఫ్రీజర్‌లో వస్తువులు అంచులు కరిగి మళ్లీ గడ్డకడతాయి.

ఇంకొక మాట: కొత్త ఫ్రిజ్ కొన్నవాళ్లు డీఫ్రాస్ట్ సమయంలో కంప్రెసర్ ఆగి ఉండటం చూసి సర్వీసుకి ఫోన్ చేస్తుంటారు. అరగంట నిశ్శబ్దం, ఎక్కడో చిటపట, కింద నీళ్ల చుక్కల శబ్దం, ఇవన్నీ ఆరోగ్య లక్షణాలే.

ప్యానెల్ విప్పినప్పుడు మంచు పడిన తీరు చూడకుండా కరిగించేయొద్దు, ముందు ఫోటో తీసుకోండి. కాయిల్ అంతటా పల్చగా, సమంగా ఉంటే బాగుంది. మొత్తం తెల్లటి గోడలా పూడిపోతే డీఫ్రాస్ట్ జబ్బు. మొదటి రెండు మూడు వరసల మీదే మంచుండి మిగతాది పొడిగా ఉంటే అప్పుడు గ్యాస్ గురించి మాట్లాడొచ్చు. ఐస్‌ని కత్తితోనో స్క్రూడ్రైవర్‌తోనో పొడిచి తీయడం ఫ్రిజ్‌ని చంపుకోవడమే, అల్యూమినియం గొట్టానికి ఒక్క గాటు చాలు. గోరువెచ్చటి నీళ్లు, ఓపిక. కింద నీరు పోయే రంధ్రం మూసుకుపోయిందేమో అప్పుడే చూసి, గోరువెచ్చటి నీళ్లు పోసి అవి కంప్రెసర్ మీది ట్రేలోకి చేరేదాకా కడగాలి. రిపేరు ఫలించిందా అన్నది రెండు వారాలు గడిచాకే చెప్పగలం. అంతకుముందు జబ్బు తిరగబెట్టడానికి పది రోజులు పట్టేదైతే, మూడో రోజు చల్లగా ఉండటం ఏ రుజువూ కాదు.

ఫ్యాన్, తలుపు స్విచ్, డాంపర్

ఇవి తొందరగా తేలిపోతాయి. చాలా మోడళ్లలో తలుపు తీస్తే ఫ్యాన్ ఆగుతుంది. తలుపు స్విచ్‌ని వేలితో నొక్కి పట్టుకుని వినాలి. ఫ్యాన్ తిరగకపోతే స్విచ్చో, మోటారో. స్విచ్ నాలుక అతుక్కుపోయి ఒకోసారి లేచి ఒకోసారి లేవకపోవడం మామూలే, అది చవకైన భాగం, మార్చేయండి. ఫ్యాన్ టకటకమని రెక్క ఐస్‌కి తగులుతుంటే మోటారు కొనొద్దు, పైన చెప్పిన డీఫ్రాస్ట్ జబ్బే. చలిలో మాత్రమే బిగుసుకుని, గదిలో బల్ల మీద పెట్టగానే చక్కగా తిరిగే మోటార్లున్నాయి. షాపులో పరీక్షించి బాగుందన్నారంటే పూర్తిగా నమ్మకండి. డాంపర్ (కింది అరలోకి చలిగాలిని వదిలే చిన్న తలుపు) దగ్గర ఐస్ కడితే ముందు కరిగించి, దాని చుట్టూ ఉన్న ఫోము సీలు చూడాలి.

ఇన్వర్టర్ ఫ్రిజ్‌లు: సెన్సర్లు, బోర్డులు

సెన్సర్ అంటే చలి పెరిగేకొద్దీ ఓమ్‌లు పెరిగే చిన్న గింజ. 25 డిగ్రీల దగ్గర 5 వేల ఓమ్‌లది ఒక రకం, 10 వేలది ఇంకో రకం. పైకి తేడా తెలియదు. తప్పుది పెడితే బోర్డు లోపల ఉన్నదానికంటే వేరే ఉష్ణోగ్రత ఉందనుకుని కంప్రెసర్‌ని ఆపేయొచ్చు, లేదా ఆపకుండా నడపొచ్చు. 5 వేల రకంలో ఎక్కువగా వాడేది ఐస్ నీళ్లలో 16 వేలకి దగ్గరగా చూపాలి. నిదానంగా, వరసగా పెరగాలి. తీగను మెలిపెడితే అంకె ఎగిరిపడుతుంటే అదే జబ్బు. ఈ భాగానికి ఆన్‌లైన్ కొనుగోలు పర్వాలేదు, విలువ కొలిచి సరిచూసుకోగలిగితే.

బోర్డుల సంగతి అలా కాదు. సెకండ్‌హ్యాండ్ ఇన్వర్టర్ బోర్డు పేరుతో అమ్మేవాటికి దూరంగా ఉండటమే మేలు. ఒక్కో కంప్రెసర్‌కి తగిన ప్రోగ్రాము వాటిలో ఉంటుంది, ప్లగ్గు సరిపోయినంత మాత్రాన మోటారు సరిగా తిరగదు. బోర్డు మీద లైటు ఎన్నిసార్లు మెరిసి ఆగుతుందో వీడియో తీసుకుని, ఆ మోడల్ సర్వీసు మాన్యువల్‌లోని పట్టికతో పోల్చండి. పెద్ద కెపాసిటర్ల కాళ్ల దగ్గర టంకం పగిలి, వేడెక్కినప్పుడు మాత్రమే తెగే బోర్డులు చాలా ఉంటాయి. వాటిని టంకం తిరిగి వేసి బాగుచేసే చోటు దొరికితే కొత్త బోర్డు అక్కర్లేదు. పని తెలియని చేత్తో ముట్టకండి, ప్లగ్గు పీకాక కూడా అక్కడ చంపేంత చార్జి కాసేపు నిలిచి ఉంటుంది.

గ్యాస్ నింపే సర్వీసు

ఈ జబ్బుకి అందరికంటే ఎక్కువగా అంటగట్టే సేవ ఇదే, ఎక్కువసార్లు అక్కర్లేనిదీ ఇదే. గ్యాస్ లీకైతే కూలింగ్ రోజురోజుకీ తగ్గుతుంది, దానంతటది తిరిగి రాదు. నాలుగు రోజులు మైనస్ 18 చూపించిన ఫ్రీజర్‌లో గ్యాస్ తక్కువుందనడం కుదరదు.

ఒక్క మినహాయింపు ఉంది, అది నిజంగా వచ్చిపోయేదే. వ్యవస్థలోకి తేమ చేరితే, క్యాపిలరీ అనే సన్నటి గొట్టం ఎవాపరేటర్‌లోకి తెరుచుకునే చోట చిన్న ఐస్ బిరడా కడుతుంది. గ్యాస్ ఆగిపోతుంది, కంప్రెసర్ మాత్రం నడుస్తూనే ఉంటుంది, భారం తగ్గినందుకు వాట్లు పడిపోతాయి, వేడిని వదిలే పక్క గోడలు లేదా వెనక జాలీ (కండెన్సర్) చల్లబడతాయి. కాస్త వేడెక్కగానే బిరడా కరిగి బుస్సుమని గ్యాస్ కదులుతుంది, కూలింగ్ మళ్లీ మొదలు. ఇది ఎవరూ తెరవని ఫ్రిజ్‌లో అరుదు. ఒకసారి గ్యాస్ నింపించుకున్న ఫ్రిజ్‌లో, వాక్యూమ్ సరిగా చేయకపోతే వస్తుంది. ఆర్-600ఎ ఫ్రిజ్‌లో ఇంకో దారి కూడా ఉంది. నడిచేటప్పుడు చల్లటి వైపు పీడనం బయటి గాలి కంటే తక్కువ ఉంటుంది కాబట్టి అటువైపు సన్నటి లీకుంటే గ్యాస్ బయటికి పోవడమే కాకుండా తేమతో కూడిన గాలి లోపలికి వస్తుంది.

సర్వీసు మంచిదో కాదో చెప్పడానికి వాళ్లు తెచ్చిన సరంజామా చూస్తే చాలు. లీకు వెతకడానికి నైట్రోజన్ సిలిండరు ఉండాలి. ఫిల్టర్ డ్రయ్యర్ (తేమను పీల్చే భాగం) కొత్తది ఉండాలి, గొట్టం తెరిచిన ప్రతిసారీ అది మారాల్సిందే. వాక్యూమ్ పంపు, లోపలి పీడనం 500 మైక్రాన్ల (వాక్యూమ్ కొలత) దాకా దిగిందని చూపే గేజి ఉండాలి. గ్రాములు తూచే త్రాసు ఉండాలి. ఆర్-600ఎ ఫ్రిజ్‌లలో పట్టే గ్యాస్ కొన్ని పదుల గ్రాములే. రేటింగ్ ప్లేటు మీద రాసి ఉన్న అంకెకి ఐదు పది గ్రాముల తేడా కూడా కూలింగ్‌ని చెడగొడుతుంది. చేత్తో గొట్టం తడిమి చాల్లే అనేవాళ్లకి ఆ పని అప్పగించొద్దు. ఈ గ్యాస్ ఉన్న గొట్టాల దగ్గర మంట వెలిగించేవాళ్లని అసలు లోపలికి రానివ్వొద్దు. లీకు కనిపెట్టకుండా కేవలం టాప్-అప్ చేస్తానంటే డబ్బు కట్టకండి.

గొట్టంలోకి ఎక్కించే లీక్-సీలర్ ద్రవాల గురించి ఒక్క వాక్యం చాలు: చాలా సన్నటి క్యాపిలరీ ఉన్న ఇంటి ఫ్రిజ్‌లోకి అంటుకునే పదార్థం పోయడం ఆ ఫ్రిజ్‌కి ఆఖరి రిపేరు.

మిగిలినవి

తలుపు రబ్బరు కొనేముందు కాగితం ముక్క పెట్టి తలుపు వేసి లాగి చూడండి, చుట్టూ ఒకే బిగువు ఉండాలి. వదులున్న చోట హెయిర్ డ్రయ్యర్‌తో మెల్లగా వేడిచేసి ఆకారానికి తెస్తే చాలాసార్లు కొత్తది అక్కర్లేదు. జాలీ బయటికి కనబడే మోడళ్లలో మెత్తటి బ్రష్షే కాయిల్ క్లీనర్, స్ప్రే డబ్బా అనవసరం. పక్క గోడల్లో దాగిన కండెన్సర్ అయితే శుభ్రం చేయడానికి ఏమీ లేదు, గోడకీ ఫ్రిజ్‌కీ మధ్య మాన్యువల్‌లో చెప్పినంత ఖాళీ వదలడమే.

చలికాలంలో మాత్రమే ఫ్రీజర్ కరిగిపోతుంటే ఏదీ కొనకముందు రేటింగ్ ప్లేటు మీద క్లైమేట్ క్లాస్ అక్షరాలు చదవండి. ఎస్ఎన్ అంటే 10 నుంచి 32 డిగ్రీల గది, ఎన్ అంటే 16 నుంచి 32, ఎస్‌టీ 16 నుంచి 38, టీ 16 నుంచి 43. ఒకే థర్మోస్టాట్ ఉన్న ఫ్రిజ్‌ని అంతకంటే చల్లటి గదిలో పెడితే కింది అర దానంతటదే చల్లగా ఉండి కంప్రెసర్‌కి పిలుపు అందదు, పై ఫ్రీజర్ మెల్లగా కరుగుతుంది. దానికి విడిభాగం లేదు. ఫ్రిజ్‌ని వేరే గదిలోకి మార్చాలి.

ఏ భాగం కొన్నా ఫ్రిజ్ మోడల్ నంబరు ఒక్కటే కాకుండా పాత భాగం మీది నంబరు, కనెక్టర్ ఫోటో కూడా అమ్మేవాళ్లకి పంపి సరిపోతుందని రాతలో తీసుకోండి. ఒకే మోడల్ పేరుతో వేర్వేరు సంవత్సరాల్లో వేర్వేరు సెన్సర్లు, టైమర్లు వాడినవి ఉన్నాయి. చాలామంది అమ్మకందార్లు కరెంటు భాగాలను ఒకసారి బిగించాక వెనక్కి తీసుకోరు.